రాయని రెండు చుట్లు

25 అక్టోబర్ 2025, శనివారం

ఈ పుస్తకంలో కారు సంగతులు తప్ప ఇంకేమీ రాయకూడదని మొదటి వాక్యంలోనే రాసి పెడుతున్నాను. ఏ రోజు ఏం చేశాను, ఫలితం ఎంత, అంతే. టెస్టింగ్ రిపోర్టులు రాసి రాసి పట్టుకున్న జబ్బు ఒకటుంది. ఎవడో కొత్తవాడు చదివినా అర్థం కావాలి. నా పుస్తకం నేను తప్ప ఎవరు చదువుతారు? అయినా అలవాటు అలవాటే.

సమస్య: బండికి లాగుడు లేదు. టర్బో 0.9 బార్ బూస్ట్ (గాలి ఒత్తిడి) ఇవ్వాలి, మీటరు మీద 0.5 చూపిస్తోంది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ అరుస్తుంది, బండి మాత్రం కదలదు. మా మేనేజర్ గుర్తొస్తాడు. పైగా బానెట్ కింద నుంచి సన్నటి ఈల.

మొదలైంది: అక్టోబర్ 16, గురువారం ఉదయం, మలేషియా టౌన్‌షిప్ దగ్గరి ఫ్లైఓవర్ ఎక్కుతుంటే. ఆ వేళ కారులో జయంతి గారు ఉన్నారు.

జయంతి గారు మూడేళ్లుగా నా కారులోనే ఆఫీసుకు వస్తున్నారు. వచ్చేవారు. నేను బాచుపల్లిలో బయల్దేరి, ఎనిమిదిన్నరకు నిజాంపేటలో వాళ్ల అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఎక్కించుకుని, రాయదుర్గంలో దింపేవాణ్ని. ఆమె టవరూ నా టవరూ పక్కపక్కనే. మొదట్లో నలుగురం ఉండేవాళ్లం. మధు పుణె వెళ్లిపోయాడు, బాలాత్రిపురసుందరి గారు రిటైరయ్యారు. ఏడాదిన్నరగా ఇద్దరమే. దీపావళి వెళ్లిన రెండో రోజు పొద్దున్నే ఆమె మెసేజ్ పెట్టారు: “నేటి నుంచి మెట్రోలో వెళ్తానండీ. కారు కూడా ఇబ్బంది పెడుతోంది కదా, మీకెందుకు శ్రమ.”

సబబే. బండి బాగా లేనప్పుడు ఎవరెక్కుతారు? బాగైతే మళ్లీ ఎక్కుతారు. నవంబర్ 30 లోపు బాగు చేయాలి. ఆ తేదీ ఎందుకో ఇక్కడ అనవసరం.

ఇవాళ సెల్లార్‌లో బానెట్ ఎత్తి చూశాను. పెద్ద పైపులు బాగానే ఉన్నాయి. టర్బో పక్కన వేస్ట్‌గేట్ కడ్డీ కదులుతోంది. దాన్ని గుంజి పట్టే వాక్యూమ్, అంటే గాలి పీల్పు, వెళ్లే సన్న రబ్బరు గొట్టం మీద జయంతి గారు కట్టిన పసుపు దారాలు అలాగే ఉన్నాయి.

వేస్ట్‌గేట్ అంటే ఏమిటో ఒకసారి ఆమెకు చెప్పాను. ఇంజన్ వదిలే పొగే టర్బో చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం ఇంజన్‌లోకి గాలిని కూరుతుంది. పొగ మరీ ఎక్కువైతే చక్రం దాకా రాకుండా పక్క నుంచి పంపేయడానికి చిన్న తలుపు ఉంటుంది. ఆమె శ్రద్ధగా విని, “అంటే దొడ్డితలుపన్నమాట” అన్నారు. అప్పట్నుంచి మా కారులో దాని పేరు అదే. ఆ తలుపు గట్టిగా పడకపోతే పొగంతా దొడ్డిదారిన పోతుంది, బూస్ట్ రాదు. నా అనుమానం దాని మీదే.

27 అక్టోబర్, సోమవారం

0.5.

ఎనిమిదిన్నరకు నిజాంపేటలో ఆగాను. అలవాటు కొద్దీ. వాచ్‌మన్ చెయ్యి ఊపాడు. ఒక నిమిషం టైరు చూస్తున్నట్టు నటించి బయల్దేరాను.

ఒక లెక్క కుదరడం లేదు. కారులో నలభై నిమిషాలు. మెట్రో అంటే ఆటోలో జేఎన్టీయూ, అక్కణ్నుంచి అమీర్‌పేట, అక్కడ మెట్లెక్కి రైలు మారి రాయదుర్గం, గంటా పది. కారు నెమ్మదిగా పోతోందని అంతకంటే నెమ్మదిగా పోయేదాన్ని ఎందుకు ఎంచుకున్నట్టు? ఆమె ఫైనాన్స్‌లో పనిచేస్తారు. లెక్కలు రానివారు కాదు.

1 నవంబర్, శనివారం

ఎయిర్ ఫిల్టర్ మార్చాను. క్లాంపులన్నీ బిగించాను. గొట్టాలకు సబ్బు నీళ్లు పూసి బుడగలొస్తాయేమోనని చూశాను. ఎక్కడా రాలేదు. పక్క ఫ్లాట్ ఆయన వచ్చి “కారుకు తలంటా?” అని అడిగిపోయాడు.

ఆ సన్న గొట్టాన్ని మాత్రం ముట్టుకోలేదు. తడిస్తే దారాల పసుపు కారిపోతుంది.

ఆ దారాల కథ రాయాలి, ఎందుకంటే అవి ఇంజన్‌లో ఉన్నాయి కాబట్టి కారు సంగతి కిందికే వస్తాయి. ప్రతి దసరా ముందురోజూ మా ఆఫీసు పార్కింగ్‌లో క్యాబులకూ కార్లకూ పూజ చేస్తారు. గుమ్మడికాయ కొడతారు, టైర్ల కింద నిమ్మకాయలు పెడతారు. బంపర్‌కు నిమ్మకాయలూ మిరపకాయలూ వేలాడదీయడం నాకు ఇష్టం ఉండదు. మొదటి ఏడాది ఆ మాట అంటే, జయంతి గారు పసుపుకొమ్ము కట్టిన దారం చేతిలో పట్టుకుని కాసేపు ఆలోచించి, బానెట్ ఎత్తమన్నారు. “మీరు బండి ముందు భాగం ఎప్పుడు చూస్తారు కనుక? ఎప్పుడూ దీని లోపలే కదా మీ తల. మీరు చూసే చోటే కడతాను” అని ఆ గొట్టానికి మూడు ముళ్లు వేశారు. మరుసటి ఏడు దాని పక్కన ఇంకొకటి. ఈ ఏడు ఇంకొకటి, ఇంకాస్త గట్టిగా.

2 నవంబర్, ఆదివారం

వేస్ట్‌గేట్ కడ్డీ మీద మర ఉంటుంది. తిప్పితే కడ్డీ పొట్టిదై తలుపు మరింత బిగుతుగా పడుతుంది. దాన్ని బిగించి పట్టే లాక్‌నట్ వదులు చేసి అర చుట్టు తిప్పాను. 0.6 వచ్చింది!

మొత్తం: అర చుట్టు.

జయంతి గారికి మెసేజ్ పెట్టాను: “దొడ్డితలుపు అర చుట్టు బిగించాను. 0.6 వచ్చింది.” బొటనవేలి బొమ్మ పంపారు.

అసలు కారణం దొరక్కుండా కడ్డీ తిప్పకూడదని తెలుసు. తెలియనివాణ్ని కాను. కానీ మా ఆఫీసులో పద్ధతి వేరు. సమస్య ఎక్కడుందో దొరక్కపోతే ముందు తెర మీద అంకె ఎరుపు నుంచి పచ్చకు మారేలా ఏదో ఒకటి తిప్పుతాం. తర్వాత చూద్దామనుకుంటాం. పచ్చగా ఉన్నదాని జోలికి మళ్లీ ఎవడూ పోడు. పద్దెనిమిదేళ్లుగా ఈ చేత్తోనే అన్నం తింటున్నాను.

5 నవంబర్, బుధవారం

0.6. ఈల అలాగే ఉంది. నిజాంపేటలో ఆగాను.

8 నవంబర్, శనివారం

ఇంకో అర చుట్టు. 0.65.

మొత్తం: ఒక చుట్టు.

మధ్యాహ్నం సుందరి గారు ఫోన్ చేశారు. రిటైరయ్యాక కాకినాడలో ఉంటున్నారు. ముప్పై ఐదేళ్ల సర్వీసులో అందరినీ బాబూ అన్న మనిషి, నన్ను మాత్రం మొదట్నుంచీ అయ్యా అంటారు.

“ఏమయ్యా చైతన్యా, కులాసానా? జయంతి సంగతి తెలిసిందా?”

“కారు కొంచెం ఇబ్బంది పెడుతోందండీ. అందుకని మెట్రోలో వెళ్తున్నారు.”

“అది కాదయ్యా. వాళ్లన్నయ్య సంబంధం చూశాడు. విశాఖలో బ్యాంకు ఆఫీసరట, భార్య పోయింది, ఒక కొడుకున్నాడు. ముప్పయ్యో తారీఖు ఆదివారం వాళ్లు హైదరాబాద్ వస్తున్నారు. ఆలోగా జయంతి అవునో కాదో చెప్పాలి. నీకు చెప్పలేదా?”

చెప్పారన్నాను.

“మరి నువ్వేమన్నావు?”

“ముప్పైలోపు కారు బాగైపోతుందండీ.”

 అవతల ఏదో గిన్నె ఠక్కున పెట్టిన చప్పుడు.

“తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట నీలాంటివాడే. మధ్యలో కారేమిటయ్యా?” అన్నారు. “ఎనిమిదేళ్లయింది అది ఆ మొగుడి నుంచి బయటపడి. పిల్లని ఒక్కతే పెంచుతోంది. రసజ్ఞ పదో తరగతికొచ్చింది. మూడేళ్లు నీ పక్క సీట్లో కూర్చుంది. నీకు నలభై నాలుగేళ్లు. ఇంకా చిన్నపిల్లాడివా?”

సిగ్నల్ సరిగా లేదని చెప్పి పెట్టేశాను. సెల్లార్‌లో నిజంగానే సిగ్నల్ ఉండదు. నేను మూడో అంతస్తులో ఉన్నాను.

9 నవంబర్, ఆదివారం

ఈ రోజు కారు ముట్టుకోలేదు.

15 నవంబర్, శనివారం

అర చుట్టు. 0.85!

మొత్తం: ఒకటిన్నర చుట్టు.

అర చుట్టుకే ఇంత పెరగడం ఆశ్చర్యంగానే ఉంది, అయినా వచ్చిన అంకెను కాదనడమెందుకు? నిజాంపేట రోడ్డు మీద ఒక్కసారి తొక్కితే వీపు సీటుకు అతుక్కుంది. జయంతి గారికి రాశాను: “0.85. ఇక నాలుగు రోజుల్లో సిద్ధం.” నీలం గీతలు పడ్డాయి. బొటనవేలు రాలేదు.

రాత్రికి కొర్రన్నం, ఊరి నుంచి అమ్మ పంపిన శనక్కాయల పొడి. ఇది కారు సంగతి కాదు. కొట్టేయాలి.

18 నవంబర్, మంగళవారం

చలి. ఇంజన్ బాగా వేడెక్కకముందే ఫ్లైఓవర్ ఎక్కాను. అంకె 0.9 దాటింది, 1.1 అయింది, 1.3 అయింది. సంతోషించేలోపే డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది, బండి చచ్చుబడిపోయింది. ఎంత తొక్కినా నలభై దాటదు. వెనక కంపెనీ బస్సు, దాని వెనక క్యాబులు, అందరూ హారన్లు. ఎడమ పక్కకు తిరిగి “ఏం కాదు, భయపడకండి” అన్నాను.

సీట్లో నా బ్యాగు ఉంది.

ఆమె పొట్టి. సీటు బాగా ముందుకు జరుపుకునేవారు. అది అలాగే ఉంది. బ్యాగు పెట్టాలంటే ఇరుకు, అయినా జరపలేదు. జరిపితే మళ్లీ ఆమె సరిచేసుకోవాలి కదా.

22 నవంబర్, శనివారం

అర చుట్టు. వేడి మీద 0.9 సరిగ్గా వస్తోంది. చల్లగా ఉన్నప్పుడు ఎక్కువై దీపం వెలుగుతోంది. కోతి పుండు బ్రహ్మరాక్షసి అయినట్టుంది నా రిపేరు.

మొత్తం: రెండు చుట్లు.

ఎనిమిది రోజులే ఉన్నాయి.

27 నవంబర్, గురువారం

సాయంత్రం రాయదుర్గం మెట్రో దగ్గర సిగ్నల్ పడింది. జయంతి గారు మెట్లెక్కుతున్నారు. ఒక చేత్తో లంచ్ బ్యాగు, ఒక చేత్తో రెయిలింగ్. మధ్యలో ఆగి రోడ్డు వైపు చూశారు. నన్ను చూడలేదు. హారన్ మీద చెయ్యి పెట్టాను. కొట్టలేదు. సిగ్నల్ పచ్చబడింది.

ఆమెకు మోకాలు నొప్పి. మెట్లెక్కకూడదు.

29 నవంబర్, శనివారం

ఇవాళ చాలా రాయాలి.

దీపం ఇక ఆరడం లేదు. పొద్దున్నే నిజాంపేట రోడ్డులో మొగిలి షెడ్డుకు తీసుకెళ్లాను. జనగామ మనిషి, యాభై దాటాయి. క్యాబుల టర్బోలు బాగు చేయడంలో చెయ్యి తిరిగినవాడని మా ఆఫీసు డ్రైవర్లు చెబుతారు. ఇంతకాలం అతని దగ్గరికి ఎందుకు పోలేదని నన్ను నేను అడిగితే, నేనే చేసుకోగలనని జవాబు చెప్పేవాణ్ని. అసలు జవాబు వేరే. అతను చూస్తే ఐదు నిమిషాల్లో చెప్పేస్తాడని భయం.

ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. బానెట్ ఎత్తి, ఇంజన్ వేడెక్కనిచ్చి, చెవి పెట్టి విన్నాడు. గొట్టం మీద వేలు పెట్టి నొక్కాడు. ఈల ఆగింది. తీశాడు. ఈల మొదలైంది.

“దొరికె. గీ గొట్టం పగిలింది సారూ. చల్లగున్నప్పుడు మూసుకుంటది, వేడైతె నోరు తెరుస్తది. తలుపును గుంజిపట్టే వాక్యూమ్ అంత గీ పగుల్లకెళ్లే బయటికి పోతున్నది. దారం గట్టిగ కట్టిన్రు, వేడికి రబ్బరు మెత్తవడ్డది, దారం కోసుకపొయ్యింది. నీకు కనవడలేదా?”

నేను దారాల ముడి వేలితో తడిమాను.

కిందికి వంగి కడ్డీ చూశాడు. ముఖం మారింది.

“దీన్ని ఎవరు తిప్పిన్రు?”

“నేనే.”

“తలుపు ఏం పాపం చేసింది సారూ? తలుపు మంచిగనే ఉండె. గొట్టంల పగులు పెట్టుకొని తలుపు బిగిస్తె ఏమైతది? టర్బో పాణం పోతది. ఇంకో నెల గిట్లనే నడిపితె చక్రం పలిగిపోతుండె. ఎన్ని చుట్లు తిప్పినవ్?”

బ్యాగులోంచి ఈ పుస్తకం తీశాను. పేజీలు తిప్పి చూసి చెప్పాను. “రెండు.”

అతను కడ్డీ తుడిచాడు. ఫ్యాక్టరీలోనే నట్టు మీదా కడ్డీ మీదా కలిపి ఒక తెల్ల రంగు గీత వేస్తారట. నట్టు జరిగితే ఆ గీత రెండు ముక్కలై ఎడమవుతుంది. ఆ రెండూ మళ్లీ ఆనుకుని కలిసేదాకా వెనక్కి తిప్పితే మొదటి చోటికి వస్తుంది. స్పానర్ పెట్టి, పైకే లెక్కపెడుతూ తిప్పాడు.

“ఒకటి. రెండు.” ఆగి నా వైపు చూశాడు. గీతలు కలవలేదు. “మూడు. నాలుగు. గిప్పుడు కలిసినయ్. నీ బుక్కు తప్పు చెప్తున్నది సారూ.”

అతను నవ్వుతూనే అన్నాడు. నేను మాత్రం దొరికిపోయిన దొంగలా నిలబడ్డాను.

తొమ్మిదో తేదీ ఆదివారం కారు ముట్టుకోలేదని రాశాను. ముట్టుకున్నాను. సుందరి గారి ఫోన్ తర్వాత నిద్ర పట్టక తెల్లవారగానే సెల్లార్‌లోకి వెళ్లి ఒకటిన్నర చుట్టు తిప్పాను, కోపంతో. ఎవరి మీద కోపమో తెలియదు. ఇరవయ్యో తేదీన ఇంకో అర చుట్టు. ఆ రోజు అసలు పుస్తకమే తెరవలేదు. ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధం రాసుకున్న మనిషిని నేనే అయ్యుంటాను.

మొగిలి కొత్త గొట్టం తెచ్చాడు. పాతది తీయాలంటే దారాలు తెగాలి. బ్లేడు నా చేతిలో పెట్టాడు.

“నువ్వే కొయ్యి సారూ. పూజ చేసి కట్టిన దారం నేను కొయ్య. కట్టినోళ్లన్న కొయ్యాలె, బండాయన కొయ్యాలె. ముందుగాల ఒక దండం పెట్టు.”

దండం పెట్టాను. ఎవరికి పెట్టానో అతను అడగలేదు. మూడు దారాలూ కోశాను. మసి పట్టి నల్లగా ఉన్నాయి, పసుపుకొమ్ములు మాత్రం విరిస్తే లోపల ఇంకా పచ్చగానే ఉండి ఉంటాయి. విరిచి చూడలేదు. జేబులో పెట్టుకున్నాను.

“ఎవరు కట్టిన్రు? మేడమా?” అన్నాడు.

“మేడం కాదు” అన్నాను.

“మరి ఇన్నొద్దులు ఎందుకు కాపాడినవ్?” అని, జవాబు కోసం చూడకుండా గొట్టం తొడిగాడు.

ఫ్లైఓవర్ దాకా వెళ్లి వచ్చాను. 0.92. దీపం లేదు, ఈల లేదు. నిజానికి ఈల లేకపోవడమే ఇబ్బందిగా ఉంది. ఆరు వారాలు దాన్ని వింటూ వేరే ఏదీ వినకుండా గడిపాను. ఇవాళ అదే ఫ్లైఓవర్ మీద కారు నిశ్శబ్దంగా పోతుంటే అక్టోబర్ 16 మొత్తం వినిపించింది. రాస్తాను.

ఆ రోజు ఆమె నీలం చీర కట్టుకున్నారు. ఎక్కినప్పట్నుంచీ ఏదో చెప్పాలని చూస్తున్నారు. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే చెప్పారు.

“అన్నయ్య ఒక సంబంధం తెచ్చాడండీ. నవంబర్ ముప్పైన వస్తారట. మంచివాళ్లే అంటున్నాడు.” అద్దంలోంచి బయటికి చూస్తూ, “మీరేమంటారు?” అన్నారు.

సరిగ్గా అప్పుడే ఈల మొదలైంది. నిజంగానే మొదలైంది, అందులో అబద్ధం లేదు. కానీ ఆ ఈల నాకు దేవుడు పంపినట్టు దొరికింది.

“ఒక్క నిమిషం. ఆ ఈల వినపడుతోందా?” అన్నాను.

ఆమె నిజంగానే చెవి పెట్టి విన్నారు. పాపం, బుద్ధిగా విన్నారు.

“వినపడుతోందండీ” అన్నారు.

అంతే. రాయదుర్గం దాకా నేను టర్బోల గురించి మాట్లాడాను. దిగేటప్పుడు ఆమె రోజూ చెప్పే “వస్తానండీ” చెప్పలేదు. ఆ సంగతి ఆ రోజే గమనించాను. ఆ సాయంత్రమే బానెట్ ఎత్తి, పగుళ్లిచ్చిన గొట్టాన్నీ దారాన్నీ కూడా చూశాను. మూసేశాను.

ఆడలేక మద్దెల ఓడు అన్నాను ఇన్నాళ్లూ. రేపు ఉదయం వెళ్తాను.

30 నవంబర్, ఆదివారం

ఎనిమిదిన్నరకు గేటు దగ్గర కారు ఆపి ఫోన్ చేశాను. ఆదివారం ఆ టైముకు ఎవరికైనా ఫోన్ చేయడం ఇదే మొదలు.

ఆమె కిందికి వచ్చారు. తలస్నానం చేసి తువ్వాలు చుట్టుకున్నారు, చేతికి సున్నిపిండో శనగపిండో ఏదో అంటుకుని ఉంది. వాచ్‌మన్ చూస్తున్నాడని కాబోలు, నిలబడకుండా వచ్చి ముందు సీట్లో కూర్చున్నారు. సీటు సరిచేసుకోవాల్సిన అవసరం రాలేదు. ఆ విషయం ఆమె గమనించినట్టే ఉంది.

“వాళ్లు పదకొండుకి వస్తారండీ. వంటలో ఉన్నాను. ఏమిటి?” అన్నారు. తర్వాత తల కొంచెం వంచి విన్నారు. “ఈల పోయిందే.”

“దారం ఒరుసుకుని గొట్టం పగిలింది, మార్చాం. దారాలు కోయాల్సి వచ్చింది.”

జేబులోంచి తీసి చూపించాను. ఆమె అరచేతిలోకి తీసుకున్నారు.

“నేను కట్టినందుకేనా పాడైంది? అయ్యో. ముందే చెబితే నేనే తీసేసేదాన్ని కదండీ.”

“మొదటి రోజే చూశాను.”

“చూసి?”

“ఊరుకున్నాను. వేరే వేరేవి తిప్పాను.”

“చూసి కూడా ఎందుకు కోయలేదు?”

ఇంజన్ ఆపేశాను. ఈసారి వినడానికి ఏ చప్పుడూ ఉండకూడదనుకున్నాను.

“మీరు కట్టారు కదా. అందుకని” అన్నాను. “ఆ రోజు మీరు అడిగితే వద్దనాలనుకున్నాను. ఆ సంబంధం వద్దు, నేనున్నాను అనాలనుకున్నాను. మూడేళ్లుగా రోజూ అనుకుంటున్నాను. నాకు ధైర్యం చాలలేదు.”

ఆమె చాలాసేపు దారాల వైపే చూశారు. పైన ఏ ఇంట్లోనో కుక్కర్ కూత పెట్టింది. ఆమెది కాదేమో, కదల్లేదు.

“ఐదు వారాలు అమీర్‌పేటలో మెట్లెక్కి దిగానండీ” అన్నారు చివరికి. “నేను కారు దిగిపోతే మీరు ఏమిటని అడుగుతారనుకున్నాను. మీ ఫోనులో మెసేజ్‌లు మీరే చూసుకోండి. సున్నా పాయింట్ ఆరు. సున్నా పాయింట్ ఎనిమిది ఐదు. ప్రతిసారీ ఆత్రంగా తెరిచేదాన్ని. రసజ్ఞ నవ్వేది, ఈ అంకెలు ఏం స్కోరమ్మా అని.”

నేను క్షమించమని అన్నాను.

“మొన్న గురువారం సాయంత్రం అన్నయ్యకి సరేనని చెప్పేశాను. మెట్రోలోంచే చెప్పాను, నిలబడి. ఇవాళ్టిది చూపులు కాదండీ. తాంబూలాలు.”

గురువారం సాయంత్రం. నా చెయ్యి హారన్ మీద ఉన్న గురువారం. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. చెప్పి ఏం లాభం? చేతులు కాలాక ఆకులు పట్టుకుని వచ్చినవాణ్ని.

“ఆయన మంచాయనేనా?” అని అడిగాను.

“మంచాయనే. ఏదడిగినా వెంటనే జవాబు చెబుతారు” అన్నారు. వెక్కిరింపుగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

దిగబోతూ తలుపు మీద చెయ్యి వేసి ఆగారు. “రసజ్ఞ పరీక్షలయ్యేదాకా ఇక్కడే ఉంటాను. మార్చి ఆఖరు వరకూ. నా మోకాలు ఆ మెట్లకి తట్టుకోవడం లేదు. అప్పటిదాకా మళ్లీ ఇందులో రమ్మంటారా?”

రమ్మనాలని ప్రాణం కొట్టుకుంది. నాలుగు నెలలు. రోజూ నలభై నిమిషాలు. అంకె మళ్లీ పచ్చగా మారుతుంది. లోపల ఏముందో ఎవరూ చూడరు, మార్చి దాకా.

“వద్దండీ” అన్నాను. “నేను మళ్లీ ఏదో ఒకటి తిప్పడం మొదలుపెడతాను. మీ టవర్‌కి కంపెనీ బస్సు జేఎన్టీయూ నుంచి ఉంది, మెట్లెక్కే పని లేదు. నేను కనుక్కున్నాను.”

ఆమె నా వైపు మొదటిసారి పూర్తిగా తిరిగి చూశారు. కళ్లు తుడుచుకోలేదు, చేతికి పిండి ఉంది.

“ఇప్పుడు మాత్రం వెంటనే చెప్పారు” అన్నారు.

దారాలు తిరిగి ఇస్తారనుకున్నాను. ఇవ్వలేదు. “ఇలాంటివి చెట్టు మొదట్లో వేయాలండీ. మీకు తెలియదు, చెత్తలో వేస్తారు” అని గేటు పక్కన ఉన్న మందారం దగ్గరికి వెళ్లి, వంగి, మట్టిలో పెట్టి చేతులు దులుపుకున్నారు. మోకాలు నొప్పికి లేవడం కష్టమైంది. నేను కారులోంచి దిగేలోపు వాచ్‌మన్ చెయ్యి అందించాడు.

“వస్తానండీ” అని లోపలికి వెళ్లారు.

1 డిసెంబర్, సోమవారం

వేస్ట్‌గేట్: ఒక్క చుట్టు కూడా తిప్పలేదు. ఇది నిజం.

ఎనిమిదిన్నరకు నిజాంపేటలో ఆగలేదు. ఆ గేటు వైపు తిరగకుండా తిన్నగా పోతే ఆఫీసుకు పన్నెండు నిమిషాలు ముందు చేరతానని మూడేళ్లలో ఎప్పుడూ తెలియలేదు. ఆ పన్నెండు నిమిషాలూ పార్కింగ్‌లో కూర్చుని ఇది రాస్తున్నాను.

పక్క సీటు వెనక్కి జరిపాను. చాలాకాలంగా కదలక పట్టేసింది, గట్టిగా తోయాల్సి వచ్చింది. బ్యాగు ఇప్పుడు సుఖంగా కూర్చుంది.

ఫ్లైఓవర్ మీద 0.92 వచ్చింది. చలిలోనూ అంతే. బండి లాగిన తీరు చూసి ఎడమ పక్కకు తిరిగి “చూశారా” అన్నాను. పైకే అన్నాను. ఇది కూడా రాసి పెడుతున్నాను.